చంపే పురుగుల చిన్న సినిమాలు: గుత్తిలో ఒకటి తీయాలనుకుంటున్నాము, సలహాలు కావాలి

గుత్తికోట (అనంతపురం):

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నేనూ నా ఇద్దరు మిత్రులూ కలిసి ఇరవై నిమిషాల భయానక చిత్రం ఒకటి తీయాలని ఏడాదిగా అనుకుంటున్నాము. ముగ్గురమూ చిన్న ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళమే కనుక కూడబెట్టిన సొమ్ము రెండు లక్షలు దాటలేదు. కథ ఇది: గుత్తి కోటలో ఒక పాత బావి పూడిక తీస్తూ ఉండగా ఏనుగంత గండుచీమ బయటపడి, రాత్రికి రాత్రి కోట దిగి ఊరి మీద పడుతుంది. ఆ చీమను గ్రాఫిక్స్‌లో చేసి ఇమ్మని ఒక సంస్థవారిని అడిగితే నాలుగు నిమిషాల పనికే లక్షా నలభై వేలు అవుతుందన్నారు. మిగిలిన అరవై వేలతో కెమెరా అద్దె, భోజనాలు, ప్రయాణాలు, శబ్దం అన్నీ చూసుకోవాలి.

ఈ తరహా చిత్రాలు అమెరికాలో డెబ్బై ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. వాటిలో ఏవి చూసి నేర్చుకోవచ్చో, డబ్బు లేనివాళ్ళు పురుగుతో ప్రేక్షకుణ్ణి ఎలా భయపెట్టారో తెలిసినవారు వివరంగా రాయగలరని ప్రార్థన.

పాతరీలు (కర్నూలు):

గుత్తికోట గారూ, మీ ప్రశ్న నాకెంతో ఇష్టమైనది. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే రోజుల నుండి ఈ చిత్రాలను వెతికి వెతికి చూస్తున్నాను.

మొదట 1954లో వార్నర్ బ్రదర్స్ వారు తీసిన ‘దెమ్!’ చూడండి. అది మరీ చిన్న సినిమా కాదు కానీ, తరువాత వచ్చిన చిన్న సినిమాలన్నింటికీ ఒరవడి అదే. న్యూ మెక్సికో ఎడారిలో 1945లో జరిగిన అణుపరీక్ష వల్ల చీమలు రాక్షసాకారం పొందాయన్నది కథ. దానిని రంగుల్లో, త్రీడీలో తీయాలని మొదట తలచి, ఖర్చు దగ్గర వెనక్కి తగ్గి నలుపు తెలుపుల్లో తీశారు. ఆ తగ్గడమే సినిమాకు మేలు చేసిందని నా నమ్మకం, ఎందుకంటే నీడలో బొమ్మ బొమ్మలాగా కనిపించదు. మీరు ముఖ్యంగా గమనించవలసింది మరొకటి ఉంది. దాదాపు అరగంట వరకు చీమ తెర మీదికే రాదు. ఎడారిలో ఒంటరిగా నడిచి వస్తున్న చిన్నపిల్ల కనిపిస్తుంది, ఆ పిల్లకు నోట మాట ఉండదు. గోడ పగిలిన దుకాణం కనిపిస్తుంది, చెల్లాచెదురైన చక్కెర కనిపిస్తుంది, గాలిలో ఒక సన్నని కీచు శబ్దం వినిపిస్తుంది. ఒక శాస్త్రజ్ఞుడు ఆ పిల్ల ముక్కు దగ్గర చీమల ఒంట్లో ఉండే ఫార్మిక్ ఆమ్లం సీసా పెట్టినప్పుడు, ఆ వాసనకు పిల్ల పెట్టే కేక విని నేను ఇప్పటికీ ఉలిక్కిపడతాను. ఆ దృశ్యానికి అయిన ఖర్చు ఒక గాజు పాత్ర, ఒక మంచి బాలనటి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 1957లో బెర్ట్ ఐ. గోర్డన్ తీసిన ‘బిగినింగ్ ఆఫ్ ది ఎండ్’. షికాగో నగరం మీదికి రాక్షస మిడతలు దండెత్తుతాయి. ఆయన దగ్గర డబ్బు లేదు కనుక షికాగో భవనాల ఛాయాచిత్రాలను నిలబెట్టి, వాటి మీద నిజమైన మిడతలను పాకించి చిత్రీకరించారు. ఒకచోట మిడత భవనం అంచు దాటి ఆకాశం మీద కూడా నడుస్తుంది. అది చూసిన క్షణంలో నగరం కాస్తా కాగితమైపోతుంది. మిడత నిజమైనదే, నగరమూ నిజమైన నగరపు బొమ్మే, అయినా రెండింటినీ కలిపిన చోట అబద్ధం బయటపడింది. పురుగును పెద్దది చేయాలన్న ఒక్క కోరికే ఆ సినిమాను ముంచింది. మీ లక్షా నలభై వేలు కూడా ఆ దారినే పోతాయేమోనని నాకు భయంగా ఉంది.

పెన్నాగట్టు (కడప):

పాతరీలు గారు 1957 అనగానే నాకు మరొక సంగతి గుర్తుకు వచ్చింది. అదే ఏడాది మన ‘మాయాబజార్’ విడుదలైంది. దర్శకుడు కె.వి. రెడ్డి గారు పుట్టింది తాడిపత్రిలో, నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డి గారిది మా జిల్లా పొట్టిపాడు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరివచ్చే దృశ్యాన్ని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కంప్యూటరు లేని కాలంలోనే తీశారు. ఆ దృశ్యం నిలబడడానికి ఎస్.వి. రంగారావు గారి ముఖంలోని ఆనందమే కారణమని నేను అనుకుంటాను. మనం లడ్డూను చూడము, దానిని తింటున్న మనిషిని చూస్తాము. భయం విషయంలోనూ ఇదే జరుగుతుంది. మీకు మంచి గండుచీమ దొరకకపోయినా ఫరవాలేదు, దానిని చూసి భయపడే మంచి నటుడు దొరకాలి.

కీటకశాల (అనంతపురం):

నేను వ్యవసాయ కీటకశాస్త్రం బోధిస్తాను. సినిమాల గురించి నాకు తెలిసింది తక్కువే కానీ, ఏనుగంత చీమ గురించి రెండు మాటలు చెప్పాలి.

ఒక చీమ పొడవును రెండింతలు చేస్తే దాని కాళ్ళ అడ్డుకోత వైశాల్యం, అంటే బరువు మోసే బలం, నాలుగింతలు అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలు అవుతుంది. పదింతలు చేస్తే కాళ్ళ బలం వందింతలు, బరువు వెయ్యింతలు. ఈ లెక్కన ఏనుగంత చీమ లేచి నిలబడనైనా లేదు, తన బరువుకు తానే కుప్పకూలుతుంది. ఊపిరి సంగతి కూడా ఉంది. కీటకాలకు మనలాగా ఊపిరితిత్తులు ఉండవు, ఒంటి పక్కన ఉన్న రంధ్రాల నుండి సన్నని గొట్టాల ద్వారా గాలి నేరుగా లోపలికి పోతుంది. శరీరం పెద్దదైతే ఆ ఏర్పాటు చాలదు. సుమారు ముప్పై కోట్ల ఏళ్ళ కిందట, గాలిలో ప్రాణవాయువు ఇప్పటికన్నా ఎక్కువగా ఉన్న కాలంలో, తూనీగను పోలిన మెగాన్యూరా అనే కీటకం రెక్కల వెడల్పు దాదాపు 70 సెంటీమీటర్లు ఉండేది. కీటకజాతి చేరుకున్న పెద్ద పరిమాణం ఇంచుమించు అంతే.

కీటకం బలం దాని ఆకారంలో లేదు. సంఖ్యలో ఉంది, తొందరగా పెరిగే గుణంలో ఉంది, కలిసికట్టుగా పని చేసే పద్ధతిలో ఉంది. చిన్నదిగా ఉండడమే దాని ఆయుధం. దానిని ఏనుగును చేసిన క్షణంలో మీరు దాని ఆయుధాన్ని లాగేసుకుంటున్నారు.

పాతరీలు (కర్నూలు):

కీటకశాల గారి లెక్కను కాదనను. అయితే సినిమాకు సాధ్యాసాధ్యాలే గీటురాయి అయితే ‘దెమ్!’ కూడా నిలబడకూడదు, కానీ నిలబడింది. దానికి కారణం నాకు తోచినంతవరకు చెబుతాను. ఆ సినిమా ఒక్కటే అబద్ధం చెప్పింది, చీమ పెద్దదైందని. తక్కినదంతా చీమల గురించి నిజమే చెప్పింది: రాణి చీమ ఉంటుందనీ, రెక్కలున్న కొత్త రాణులు ఎగిరిపోయి వేరే చోట పుట్టలు పెడతాయనీ, పుట్ట మొత్తాన్ని నాశనం చేసినా ఒక్క రాణి తప్పించుకుంటే కథ మళ్ళీ మొదలవుతుందనీ. అందుకే సినిమా చివరి భాగమంతా లాస్ ఏంజెలెస్ వాననీటి సొరంగాల్లో ఆ రాణుల కోసం వెతుకులాటగా సాగుతుంది.

ఒక్క అబద్ధానికి ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. రెండోదానికి డబ్బు కావాలి.

ఇందుకు మరో ఉదాహరణ 1959లో రోజర్ కోర్మన్ తీసిన ‘ది వాస్ప్ ఉమన్’. కందిరీగ రాణి జెల్లీతో వయసు తగ్గించుకోబోయిన ఒక సౌందర్య సాధనాల వ్యాపారి రాత్రిపూట కందిరీగ తలతో మనుషులను చంపుతుంది. గోడపత్రికలో మనిషి తల, కందిరీగ ఒళ్ళు ఉన్న పెద్ద ఆకారాన్ని చూపించారు, సినిమాలో ఉన్నది మాత్రం తలకు తొడిగిన ముసుగే. వయసు మళ్ళుతున్నదని ఆ స్త్రీ పడే బాధ నన్ను కదిలించింది, ముసుగు కదిలించలేదు.

తుంగతీరం (కర్నూలు):

నేను లెక్కల మనిషిని కనుక లెక్క రూపంలోనే చెబుతాను. 1977లో ‘కింగ్‌డమ్ ఆఫ్ ది స్పైడర్స్’ అనే చిత్రాన్ని సుమారు ఐదు లక్షల డాలర్లతో అరిజోనాలో తీశారు, విలియం షాట్నర్ కథానాయకుడు. వారు ఐదు వేల టరాంటులా సాలెపురుగులను ఒక్కొక్కటి పది డాలర్ల చొప్పున కొన్నారు. అంటే మొత్తం ఖర్చులో పదోవంతు నేరుగా పురుగుల మీదనే పెట్టారు. ఒక్క సాలెపురుగును కూడా పెద్దది చేసి చూపలేదు. మంచం మీద, స్నానాల గదిలో, కారు కిటికీలో, మనిషి ముఖం మీద, ఎక్కడ చూస్తే అక్కడ మామూలు సాలెపురుగులే. చివర ఊరంతా సాలెగూడుతో కప్పబడిపోయిన దృశ్యం చేత్తో గీసిన చిత్రమని తెలుస్తూనే ఉంటుంది, అయినా అప్పటికే మన మనసు ఒప్పుకుని ఉంటుంది.

గుత్తికోట గారి ఖాతాలో పదోవంతు అంటే ఇరవై వేలు. ఆ ఇరవై వేలకు మన అనంతపురంలో దొరికే నిజమైన పురుగు ఏదో ఆలోచించడం మేలు.

కీటకశాల (అనంతపురం):

తుంగతీరం గారూ, సాలెపురుగుకు ఎనిమిది కాళ్ళు, కీటకానికి ఆరే. వృత్తిధర్మంగా ఈ మాట చెప్పక తప్పలేదు, మీ వాదనకు దీనివల్ల లోటేమీ లేదు.

నా విద్యార్థులకు నేను ప్రతి ఏడాదీ చూపించే సినిమా ఒకటి ఉంది. 1974లో సాల్ బాస్ తీసిన ‘ఫేజ్ ఫోర్’. సినిమా పేర్లు తెర మీద పడే తీరును ఒక కళగా మార్చిన ఆయన దర్శకత్వం వహించిన పూర్తి నిడివి చిత్రం ఇది ఒక్కటే. అరిజోనా ఎడారిలో వేర్వేరు జాతుల చీమలు తమ పాత పగలు మరిచి ఒక్కటవుతాయి. ఇద్దరు శాస్త్రజ్ఞులు గుండ్రటి కప్పున్న ప్రయోగశాలలో కూర్చుని వాటితో యుద్ధం చేస్తారు. చీమల దృశ్యాలను కెన్ మిడిల్‌హామ్ నిజమైన చీమలతోనే, అతి దగ్గర నుండి తీశారు. నటులున్న భాగాలను కెన్యాలోనూ ఇంగ్లండు స్టూడియోలోనూ తీశారు. విడుదలైనప్పుడు జనం చూడలేదు.

అందులో ఒక ఘట్టం ఉంది. శాస్త్రజ్ఞులు పసుపుపచ్చని విషం చల్లుతారు. ఒక చీమ ఆ విషపు ముక్కను నోట కరచుకుని సొరంగంలోకి లాక్కుపోతుంది, కొంత దూరం పోయి చచ్చిపోతుంది. వెనుక వచ్చిన చీమ ఆ ముక్కను అందుకుని మరికొంత దూరం లాగి చచ్చిపోతుంది. అలా ఒకదాని తరువాత ఒకటి చస్తూ దానిని రాణి దాకా చేరుస్తాయి. రాణి దానిని తిని, ఆ విషానికి లొంగని సంతానాన్ని కంటుంది. మాట లేదు, మనిషి లేడు, రక్తం లేదు. కర్నూలు జిల్లా నుండి వచ్చిన ఒక విద్యార్థి ఆ దృశ్యం చూసి, మా పత్తిచేలో జరిగింది ఇదే కదా మేడమ్ అన్నాడు. పురుగును చంపే విషం మొక్కలోనే ఉండే బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. కాయలోపల తొలిచే గులాబీ రంగు పురుగు కొన్నేళ్ళకే ఆ విషానికి అలవాటు పడిపోయింది. ఆ పిల్లవాడికి ‘ఫేజ్ ఫోర్’ కల్పనగా కనిపించలేదు.

పెన్నాగట్టు (కడప):

ఇంతసేపు అమెరికాలోనే తిరుగుతున్నాము. చంపే కీటకం సినిమాను మనవాళ్ళే ఎంతో గొప్పగా తీశారు. 2012లో వచ్చిన రాజమౌళి గారి ‘ఈగ’. అది తక్కువ ఖర్చు సినిమా కాదు, దానికి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అయినా అందులోని ఆలోచన మీకు పనికివస్తుంది. ఈగ చివరి వరకు ఈగంతే ఉంటుంది. నిద్రపోనివ్వదు, చెవి దగ్గర రొద చేస్తుంది, కారు నడిపేవాడి దృష్టి మళ్ళిస్తుంది. సుదీప్ గారు చేసిన ప్రతినాయకుడి వైపు నుండి చూస్తే అది అచ్చమైన భయానక చిత్రం. మనిషి తన బలమంతా ఉపయోగించినా చెయ్యి ఆడించి గాలినే కొడుతూ ఉంటాడు.

నల్లమలదారి (ఆత్మకూరు):

నాదొక సూచన. గండుచీమ బదులు పెద్ద తేనెటీగలను తీసుకోండి. మా నల్లమలలో కొండ చరియలకు, పెద్ద చెట్లకు మనిషంత పట్లు వేలాడుతుంటాయి. చెంచులు తేనె కోసం తాడు పట్టుకుని చరియ దిగేటప్పుడు, పైన ఆ తాడును బావమరిది పట్టుకుంటాడు. తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయి కనుక అతడు వదలడని నమ్మకం. ఇంతకన్నా గట్టి కథావస్తువు ఎక్కడ దొరుకుతుంది?

తేనెటీగల సినిమాలకు నిజమైన సంఘటనే పునాది. బ్రెజిల్‌లో పరిశోధన కోసం ఆఫ్రికా నుండి తెచ్చిన తేనెటీగల్లో 26 రాణుల గుంపులు 1957లో తప్పించుకున్నాయి. వాటి సంతతి ఏటేటా ఉత్తరానికి పాకి 1990లో అమెరికాలోని టెక్సస్ చేరింది. అవి వస్తున్నాయన్న వార్తలే ఆ కాలపు సినిమాలకు కథలిచ్చాయి. 1976లో టీవీ కోసం తీసిన ‘ది సావేజ్ బీస్’లో ఒక స్త్రీ చిన్న కారులో చిక్కుకుపోతుంది, కారు అంగుళం కనిపించకుండా తేనెటీగలు కప్పేస్తాయి. ఆమె కారును మెల్లగా నడుపుతూ న్యూ ఆర్లీన్స్‌లోని పెద్ద మైదాన భవనంలోకి తీసుకుపోతే, అక్కడ గాలిని చల్లబరచి ఈగలను కదలకుండా చేస్తారు. చల్లబడితే తేనెటీగ ఎగరలేదన్నది నిజం, ఆ నిజం మీదనే ముగింపు నిలబడింది. రెండేళ్ళకు ఇర్విన్ అలెన్ రెండు కోట్ల డాలర్లకు పైగా పోసి, మైఖేల్ కెయిన్, హెన్రీ ఫోండా వంటివారిని పెట్టి ‘ది స్వార్మ్’ తీశారు. రైళ్ళు పడిపోయాయి, అణు విద్యుత్ కేంద్రం పేలిపోయింది, చూసేవారికి మాత్రం భయం వేయలేదు. నాకు ఆ చిన్న కారే ఇప్పటికీ కళ్ళలో ఉంది.

కీటకశాల (అనంతపురం):

నల్లమలదారి గారి కథావస్తువు నాకూ నచ్చింది కానీ, గుత్తికోట గారిని చేతులు జోడించి వేడుకుంటున్నాను, చిత్రీకరణకు పెద్ద తేనెటీగల పట్టు దరిదాపులకు పోవద్దు. ఒక ఈగ కుట్టినప్పుడు వెలువడే రసాయనపు వాసన మిగతా ఈగలను అక్కడికే పిలుస్తుంది, ఆ తరువాత ఎంత దూరం పరుగెత్తినా వెంటపడతాయి. లైట్లు, జనరేటరు చప్పుడు, పదిమంది మనుషులు ఉన్నచోట అది నిజంగా ప్రాణం తీస్తుంది.

చేనిగట్టు (కళ్యాణదుర్గం):

అందరికీ నమస్కారం. నాకు అరవై మూడేళ్ళు. మా అబ్బాయి ఈ చర్చను చదివి వినిపించగా, నేను చెబుతుంటే అతడే రాస్తున్నాడు. మీరు చెప్పిన సినిమాలేవీ నేను చూడలేదు. కానీ అనంతపురంలో దొరికే పురుగు ఏదని తుంగతీరం గారు అడిగారు, దానికి నా దగ్గర జవాబు ఉంది.

ఎర్ర గొంగళి పురుగు. వేరుశనగ పండించే మాకు దాని పేరు ఎత్తితేనే ఒళ్ళు జలదరిస్తుంది. అది పది నెలలు నేలలో నిద్రపోతుంది. తొలకరి పెద్దవాన పడి నేల నానిన తరువాత, చీకటి పడ్డాక, తెల్లటి రెక్కల పురుగులు మట్టిలో నుండి లేచి వస్తాయి. ఒక్కొక్కటి వందల గుడ్లు ఆకుల అడుగున గుంపులుగా పెడుతుంది. నా చిన్నతనంలో ఆ రాత్రులు మాకు పండగలాగా ఉండేవి. గట్ల మీద మంటలు వేసేవారు, పెట్రోమాక్స్ దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టేవారు, రెక్కల పురుగులు వచ్చి పడుతుంటే పిల్లలందరమూ అరుస్తూ ఏరేవాళ్ళము. పెద్దవాళ్ళెందుకు నవ్వడం లేదో మాకు తెలిసేది కాదు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక ఏడాది మంటలు చాలలేదు. పక్క ఊరి చేలను తినేసి పురుగు మా వైపు నడిచింది. మా నాయన, మా చిన్నాయనలు, కూలివాళ్ళు కలిసి చేను చుట్టూ మూర లోతు కందకం తవ్వి, పొడిమందు చల్లి, పురుగును ఆకర్షించడానికి జిల్లేడు కొమ్మలు వేశారు. సాయంత్రానికి బండ్లబాట ఎర్రగా కదలసాగింది. బాట మీద పురుగులు నడుస్తున్నట్లు లేదు, బాటే నడుస్తున్నట్లు ఉంది. ముందు వచ్చినవి కందకంలో పడ్డాయి. మేము గెలిచామనుకున్నాము. చీకటి పడేసరికి కందకం పురుగులతో నిండింది. నిండిన తరువాత, వెనుక వచ్చినవి వాటి మీదుగా నడిచి చేలోకి దిగాయి.

ఆ రాత్రి చేలో నిలబడితే సన్నని చప్పుడు వినిపించింది, దూరంగా వాన వస్తున్నట్టు. మా నాయన ఆకాశం వైపు చూశాడు. మబ్బు లేదు. అది ఆకు తినే చప్పుడు. మూడో నాటికి చేలో ఈనెలు మిగిలాయి. ఆయన గట్టు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. మళ్ళీ విత్తనాలకు అప్పు చేశాము, ఆ అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఈ పురుగు మనిషిని కరవదు. ఒంటికి తగిలితే దురద పెడుతుంది, అంతే. మీ సినిమాకు పనికివస్తుందో రాదో మీరే చెప్పాలి.

గుత్తికోట (అనంతపురం):

చేనిగట్టు పెద్దాయనా, మీరు రాయించింది మేము ముగ్గురమూ ఒకచోట కూర్చుని చదివాము. కందకం నిండిన మాట దగ్గర ముగ్గురికీ నోట మాట రాలేదు. మా గండుచీమను ఆ క్షణమే వదిలేశాము. మేము అనంతపురంలో పుట్టి పెరిగినా ఈ పురుగు గురించి పాఠాల్లో రెండు వాక్యాలు తప్ప ఏమీ తెలియకపోవడం మాకు బాధగా ఉంది.

పెన్నాగట్టు (కడప):

నాకొక సంకోచం ఉంది, దాచుకోకుండా చెబుతాను. చేనిగట్టు గారి నాయన గట్టు మీద కూర్చున్న దృశ్యం ఒక కుటుంబం నిజంగా పడిన కష్టం. దానిని ప్రేక్షకుడు భయపడి ఆనందించే సినిమాకు వాడుకోవచ్చునా? మన జిల్లాల్లో పంటపోయి ప్రాణాలు తీసుకున్న రైతుల కుటుంబాలు ఇంకా ఆ దుఃఖంలోనే ఉన్నాయి. అప్పును, పురుగును ఒకే తెర మీద చూపించి పురుగునే హంతకిగా నిలబెడితే, మిగిలిన కారణాలన్నీ మరుగున పడిపోవా?

చేనిగట్టు (కళ్యాణదుర్గం):

పెన్నాగట్టు గారూ, మీరు మా గురించి ఆలోచించి అన్నారు, సంతోషం. కానీ ఈ యాభై ఏళ్ళలో మా భయం ఏమిటని ఎవరూ అడగలేదు. నష్టం ఎంత అని అడిగారు, ఎన్ని ఎకరాలు అని అడిగారు. ఆ రాత్రి ఆ చప్పుడు విన్నప్పుడు ఎలా ఉందని ఎవరూ అడగలేదు. సినిమాలో అది వినిపిస్తే మంచిదే. ఒక్క షరతు. ఆ పురుగు మనిషిని తిన్నట్టు చూపించవద్దు. అది చేయని పనిని దాని మీద వేయవద్దు.

పాతరీలు (కర్నూలు):

ఆ షరతు న్యాయమైనదే. అయితే ఈ తరహాకు ప్రాణభయం ముఖ్యం. మనిషికి ముప్పు లేకపోతే అది వ్యవసాయ సమాచార చిత్రం అవుతుంది. ఒక్క అబద్ధానికి చోటుందని నేను ముందే అన్నాను. ఆ ఒక్కటి ఏదై ఉండాలో కీటకశాల గారు చెప్పగలిగితే బాగుంటుంది, ఎందుకంటే అబద్ధాన్ని నిజం తెలిసినవారే సరిగ్గా ఎన్నుకోగలరు.

కీటకశాల (అనంతపురం):

రెండు రోజులు ఆలోచించాను. ఈ పురుగు జీవితంలో మనకు ధైర్యాన్నిచ్చే ఘట్టం ఒక్కటే ఉంది: కడుపు నిండాక అది తినడం మానేసి గట్ల కింద, చెట్ల నీడన మట్టిలోకి దిగి కోశస్థ దశకు, అంటే రెక్కల పురుగుగా మారేదాకా పట్టే నిద్రకు, చేరుతుంది. అక్కడితో ఆ ఏటికి దాడి ఆగిపోతుంది. మీ కథలో అది ఆగదు. చేను అయిపోతుంది, అయినా పురుగు నేలలోకి దిగదు. ఇంటి చూరులోని బోద తింటుంది, తలుపు కింది సందులోంచి వస్తుంది, దీపం వెలుగు దగ్గరికి వస్తుంది. లోపల ముసలాయన, మనవరాలు. అది ఎవరినీ కరవదు, ఊరికే వస్తూ ఉంటుంది. కందకం నిండినట్టే గది నిండుతుంది. అంతకుమించి చూపించనక్కరలేదు. చేనిగట్టు గారి షరతు చెల్లుతుంది, పాతరీలు గారి ప్రాణభయమూ ఉంటుంది.

ఒక హెచ్చరిక: 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదానినీ జంతువు అనే నిర్వచనం కిందికి తెచ్చింది. కనుక చిత్రం కోసం పురుగులను కాల్చడం, తొక్కడం చేయవద్దు. పొలంలో రైతులు ఎలాగూ పెట్టే దీపపు ఎరను దూరం నుండి చిత్రీకరించుకోండి. గది నిండే దృశ్యానికి ఎర్రని ఉన్ని దారం ముక్కలు వాడితే, మసక వెలుతురులో సరిపోతుంది. నిజమైన పురుగులను పట్టుకునేవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకోవాలి, వాటి ఒంటి నూగు కంట్లో పడకూడదు.

తుంగతీరం (కర్నూలు):

లెక్క మళ్ళీ వేశాను. ఉన్ని, దీపాలు కలిపి ఐదు వేలు. దగ్గర నుండి తీయడానికి మాక్రో లెన్సు నాలుగు రోజుల అద్దె ఆరు వేలకు మించదు. మిగిలినదానిలో పెద్ద భాగం శబ్దానికి పెట్టండి. ఆ వాన చప్పుడు సరిగ్గా పడకపోతే సినిమా లేదు. నిజమైన ఆకు, నిజమైన పురుగు, గాజు డబ్బాలో మైకు పెట్టి, ఊరు నిద్రపోయాక రికార్డు చేయాలి. ‘దెమ్!’ చీమల కీచు శబ్దానికి చెట్టుకప్పల అరుపులు వాడారని చదివాను, మీకు ఆ అవసరం కూడా లేదు.

గుత్తికోట (అనంతపురం):

కోటలో చిత్రీకరణకు అనుమతులు వెతికే పని కూడా తప్పింది. పాత కథ కాగితాలు పక్కన పెట్టి కొత్త కథ మొదటి ప్రతి రాశాము, పద్నాలుగు పేజీలు వచ్చింది. మొదటి దృశ్యం పిల్లలు మంట చుట్టూ నవ్వుతూ రెక్కల పురుగులు ఏరడం, నవ్వని పెద్దవాళ్ళ ముఖాలు. పెద్దాయనా, మాకు తెలియవలసింది ఒక్కటే. రెక్కల పురుగులు లేచే రాత్రిని ముందుగా ఎలా కనిపెట్టాలి? మేము ముగ్గురమూ ఉద్యోగాలకు సెలవు పెట్టి రావాలి.

చేనిగట్టు (కళ్యాణదుర్గం):

ముందుగా తేదీ చెప్పడం ఎవరి వల్లా కాదు, నాయనా. మృగశిర కార్తె దాటాక, జానెడు లోతు నేల తడిసే వాన ఒకటి పడాలి. అది పడిన మరుసటి రాత్రి నుండి గట్టు మీద చూస్తూ ఉంటాను. మొదటి రెక్కల పురుగు దీపానికి వచ్చిన రాత్రే మా అబ్బాయి చేత ఇక్కడ రాయిస్తాను, మీరు తెల్లవారి బస్సుకు బయలుదేరితే రెండో రాత్రికి అందుతారు. రెండో రాత్రే ఎక్కువ లేస్తాయి. దీపం వెనుక కట్టడానికి తెల్ల దుప్పట్లు మీరే తెచ్చుకోండి, మా ఇంట్లో ఉన్నవన్నీ రంగువి.